డ్రైసూట్‌కి ఏ ఫిన్స్ కొనాలి? నా తల కిందికి, కాళ్ళు పైకి అయిన రోజు

డ్రైసూట్ మీద చేసిన పోయిన ఎపిసోడ్ తర్వాత నాకు వచ్చిన మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. "బ్రో, అండమాన్‌లో కోర్స్ చేసినప్పుడు కొన్న ఫిన్స్ ఉన్నాయి. ఇప్పుడు సియాటిల్ వచ్చేశా. డ్రైసూట్‌తో అవే వాడేయొచ్చా?"

వాడలేరు. ఒక్క ముక్కలో ఆన్సర్ అదే. ఎందుకు వాడలేరో చెప్పాలంటే మాత్రం, నేను 14 మీటర్ల లోతులో తలకిందులుగా వేలాడిన సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆ వీడియో పెట్టలేదు, సిగ్గేసి. ఇవాళ చెప్పేస్తా.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. వెట్‌సూట్‌లో నీళ్ళు లోపలికి వస్తాయి, ఆ పల్చటి నీటి పొరని మన ఒళ్ళే వేడి చేసుకుంటుంది. డ్రైసూట్‌లోకి నీళ్ళు అసలు రావు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర సీల్స్ బిగుతుగా ఉంటాయి, లోపల దుప్పటి లాంటి అండర్‌సూట్ వేసుకుంటాం, బూట్లో సాక్సో సూట్‌కే అతికించి ఉంటాయి. నీళ్ళు గాలి కంటే రమారమి 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఇక్కడ ప్యూజెట్ సౌండ్‌లో నీళ్ళు ఏడాది పొడుగునా 7 నుంచి 13 డిగ్రీల మధ్యే. మన వైజాగ్ రుషికొండ దగ్గర పల్చటి సూట్‌తో దిగినట్టు ఇక్కడ దిగితే పది నిమిషాలకే పళ్ళు టకటకలాడతాయి.

దిగేకొద్దీ నీటి ఒత్తిడి సూట్‌ని ఒంటికేసి నొక్కేస్తుంది. అందుకని ఛాతీ మీదున్న బటన్ నొక్కి సూట్‌లోకి కొంచెం కొంచెం గాలి వదులుతాం. పైకి వచ్చేటప్పుడు ఆ గాలి వ్యాకోచిస్తుంది, ఎడమ చేతి పైభాగంలో ఉన్న డంప్ వాల్వ్ నుంచి బయటికి పోవాలి.

చిన్నప్పుడు మా ఊరి చెరువులో లుంగీ తడిపి, దాంట్లో గాలి పట్టి, మూతి బిగించి పట్టుకుని తేలేవాళ్ళం. మీలో కూడా చేసినవాళ్ళు ఉండే ఉంటారు. బుడగ ఎటుంటే అటు పైకి లేస్తుంది కదా. డ్రైసూట్ అంటే మెడ నుంచి పాదాల దాకా తొడుక్కున్న లుంగీ బుడగ అనుకోండి. తల పైకి ఉన్నంతసేపూ గాలి భుజాల దగ్గర ఉంటుంది, వాల్వ్ పక్కనే, ఏ గొడవా లేదు. తల కిందికి పెట్టారా, గాలంతా కాళ్ళలోకి పరిగెడుతుంది. కాళ్ళ దగ్గర మామూలుగా వాల్వ్ ఉండదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి. వెస్ట్ సియాటిల్‌లో సీక్రెస్ట్ పార్క్ అని ఉంది, అక్కడ కోవ్ 2 అంటే ఇక్కడి డైవర్లందరికీ తెలుసు. ఒడ్డున నిలబడితే ఎదురుగా డౌన్‌టౌన్ బిల్డింగ్స్, నీళ్ళలోకి దిగితే జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్. 2012లో అక్కడ ఒకతను ఆక్టోపస్‌ని పట్టుకుపోతే డైవర్లు పెద్ద గొడవ చేశారు, ఆ తర్వాతి ఏడాది వాషింగ్టన్ రాష్ట్రం ఈ కోవ్‌తో కలిపి ఏడు చోట్ల ఆక్టోపస్ వేటని నిషేధించింది. అలాంటి చోటు. మనకి ఆక్టోపస్ చూడాలి, వీడియో తియ్యాలి.

నా డ్రైసూట్ సెకండ్ హ్యాండ్. నేను ఐదడుగుల ఆరంగుళాలు, సూట్ ఎవరో ఆరడుగుల మనిషిది. కాళ్ళ దగ్గర బట్ట ముడతలు ముడతలుగా మిగిలేది. "చుడీదార్‌లా ఉందిరా" అని మా ప్రసాద్ అన్న నవ్వేవాడు. అన్నే నా డైవ్ బడ్డీ. ఇక ఫిన్స్. ఒక షాప్‌లో సేల్ పెట్టారు. కౌంటర్ దగ్గర కుర్రాడు "డ్రైసూటా? అయితే కళ్ళు మూసుకుని ఎక్స్‌ఎక్స్‌ఎల్ తీసుకో" అన్నాడు. నేను నిజంగానే కళ్ళు మూసుకుని తీసుకున్నా. తేలికైన ప్లాస్టిక్ ఫిన్స్, చూడ్డానికి స్టైల్‌గా, పసుపు రంగు. బూట్లు తీసుకెళ్ళి తొడిగి చూశానా? లేదు. అక్కడ పప్పులో కాలేశా, అది కూడా ఎక్స్‌ఎక్స్‌ఎల్ కాలు.

14 మీటర్ల దగ్గర ఒక దుంగ కింద ఆక్టోపస్ గూడు దొరికింది. టార్చ్ వేసి, తల కిందికి వంచి లోపలికి చూస్తున్నా. కాళ్ళు మెల్లగా పైకి లేచాయి, నేను పట్టించుకోలేదు. తర్వాత బుస్సుమని గాలి మొత్తం పాదాల్లోకి వెళ్ళింది. బూట్లు బెలూన్లలా ఉబ్బాయి, లోపల మడమలు బూట్లలోంచి పైకి జారిపోయాయి. ఎడమ ఫిన్ ఊడిపోయింది. ఎటు పోయిందో చూసే టైమ్ కూడా లేదు. నేను తలకిందులుగా, కాళ్ళు ముందు, పైకి పోతున్నా.

ఇది ఎందుకు ప్రమాదమో బీటెక్ ఫిజిక్స్‌లో చెప్తా, ఒక్క నిమిషం. 14 మీటర్ల దగ్గర ఒత్తిడి 2.4 అట్మాస్ఫియర్లు, 8 మీటర్ల దగ్గర 1.8. అంటే ఆరు మీటర్లు లేచేసరికి కాళ్ళలో ఉన్న గాలి మూడో వంతు పెరిగింది. గాలి పెరిగితే ఇంకా వేగంగా లేస్తాం, వేగంగా లేస్తే ఇంకా పెరుగుతుంది. ఎగ్జిట్ కండిషన్ రాయని లూప్ లాంటిది. భయంలో ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, బిగబట్టకపోయినా అంత వేగంగా లేస్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది.

ఇలాంటప్పుడు చెయ్యాల్సింది కోర్స్‌లో నేర్పారు. మోకాళ్ళు పొట్టలోకి మడిచి, గట్టిగా పల్టీ కొట్టి, తల పైకి రాగానే ఎడమ చెయ్యి ఎత్తి గాలి వదిలెయ్యాలి. నేను మోకాళ్ళు మడిచా. పల్టీ కొట్టాలంటే కాళ్ళతో నీటిని తన్నాలి కదా, ఒక కాలికి ఫిన్ లేదు, రెండోది మడమ జారి లబలబలాడుతోంది. ప్రసాద్ అన్న వచ్చి నా హార్నెస్ పట్టుకుని కిందికి లాగి తిప్పాడు. చెయ్యి ఎత్తా, గాలి పోయింది. కంప్యూటర్ చూస్తే 8 మీటర్లు, అలారం మోగుతూనే ఉంది. 5 మీటర్ల దగ్గర మామూలుగా చేసే మూడు నిమిషాల స్టాప్‌ని ఇంకా పొడిగించి, ఒంటి ఫిన్‌తో కుంటుకుంటూ ఒడ్డుకి వచ్చా. నాకేమీ కాలేదు. కానీ ఒడ్డున కూర్చుని బూటు లేసులు విప్పుకోడానికి చేతులు రాలేదు, అది చలి వల్ల కాదు.

తప్పంతా ఫిన్స్ మీదకి తోసెయ్యను. సూట్ కాళ్ళు పొడుగు, నేను గాలి ఎక్కువ వేశా, ఆ డ్రిల్ స్విమ్మింగ్ పూల్‌లో ఒక్కసారే చేసి సర్టిఫికెట్ పట్టుకొచ్చా. ఎంత మంచి ఫిన్ కొన్నా ఆ డ్రిల్‌కి బదులు కాదు. కానీ సరైన ఫిన్స్ ఉంటే కాళ్ళు అంత తేలిగ్గా లేచేవి కాదు, లేచినా నా అంతట నేను తిరగగలిగేవాణ్ణి. ఆ తర్వాత రెండు నెలలు షాపులు, అద్దె ఫిన్స్, ఫ్రెండ్స్ ఫిన్స్, అన్నీ తొడిగి చూశా. ఇప్పుడు చెప్పేది ఆ రెండు నెలల సారం.

మొట్టమొదట ఫుట్ పాకెట్. బ్లేడ్ గురించి ఇంటర్నెట్‌లో యుద్ధాలు జరుగుతాయి, ఫుట్ పాకెట్ గురించి ఎవడూ మాట్లాడడు. మీ అండమాన్ ఫిన్స్ బహుశా మడమ మూసి ఉన్నవి, ఒట్టి కాలికి చెప్పులా తొడుక్కునేవి. వాటిలో డ్రైసూట్ బూటు పట్టదు, చర్చే లేదు. మడమ వెనక పట్టీ ఉండే ఓపెన్ హీల్ ఫిన్సే కావాలి. వెట్‌సూట్ బూటీతో వాడే ఓపెన్ హీల్ ఫిన్ మీ దగ్గర ఉన్నా, డ్రైసూట్ బూటు దానికంటే వెడల్పు, ఎత్తు కూడా ఎక్కువ. పొలంలో వేసుకునే గంబూటు ఊహించుకోండి.

బూట్లలో కూడా రెండు రకాలు. కొన్ని సూట్‌లకి గట్టి సోల్ ఉన్న బూటు అతికించే వస్తుంది. కొన్నిటికి మెత్తటి సాక్ ఉంటుంది, దాని మీద లేసులు కట్టే బూటు వేరుగా వేసుకోవాలి, నాది అదే. లేసుల బూటు చీలమండని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి గాలి పాదంలోకి తక్కువ పోతుంది. కానీ అది ఇంకా లావు. ఒకే మనిషికి రెండు సూట్‌లతో రెండు సైజుల ఫిన్స్ పట్టొచ్చు. అందుకే "నా షూ సైజు 9, ఏ ఫిన్ సైజు?" అని నన్ను అడక్కండి, చెప్పలేను. ఒక కంపెనీ ఎక్స్‌ఎల్, ఇంకో కంపెనీ ఎక్స్‌ఎల్ ఒకటి కావు.

షాప్‌కి బూట్లు పట్టుకెళ్ళండి. లోపల వేసుకునే మందం సాక్స్ కూడా. సాక్ అతికించిన సూట్ అయితే మొత్తం సూటే సంచిలో వేసుకుని వెళ్ళండి, నేను బస్సులో తీసుకెళ్ళా, పక్కన కూర్చున్నావిడ శవాన్ని చూసినట్టు చూసింది. పర్లేదు. తొడిగాక బూటు ముందు భాగం పాకెట్ చివరి దాకా, లేదా దాదాపు చివరి దాకా వెళ్ళాలి. మధ్యలోనే ఇరుక్కుపోతే చిన్నది. కాలు గాల్లోకి ఎత్తి పక్కలకి తిప్పి చూడండి, ఫిన్ బూటుతో పాటే తిరగాలి. బూటు ఒకటి తిరిగి, ఫిన్ ఆగి, తర్వాత తిరిగిందంటే వదులు. వదులు ఫిన్‌తో ప్రతి తన్నుకీ పిక్క కండరం అదనంగా పని చేస్తుంది, అరగంటకి తిమ్మిరి పట్టేస్తుంది. ఇక బిగుతుగా ఉంటే? పాదం మీద నొక్కుకుపోయి రక్తం ఆడదు, పైగా సాక్స్ నలిగిపోయి వాటిలో ఉండాల్సిన గాలి పోతుంది. ఎంత ఖరీదైన సాక్స్ వేసినా వేళ్ళు మంచు ముక్కలే. చల్లటి నీళ్ళలో బిగుతు ఫిన్ కూడా వదులు ఫిన్ అంత చెడ్డదే, ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తర్వాత బరువు. ఇక్కడ జనం సగం విని పరిగెడతారు. "డ్రైసూట్‌కి బరువు రబ్బరు ఫిన్స్ కావాలి" అని ఎవరో చెప్తారు, వెళ్ళి కొనేస్తారు. సగం నిజమే. స్కూబాప్రో జెట్ ఫిన్ అని 1960ల నుంచి వస్తున్న నల్ల రబ్బరు ఫిన్ ఉంది, పొట్టిగా, వెడల్పుగా, ఇటుకలా బరువు. నీళ్ళలో వేస్తే మునుగుతుంది. హోలిస్ ఎఫ్1 కూడా ఆ కుటుంబమే. కాళ్ళలో కొంచెం గాలి చేరినా ఈ బరువు కాళ్ళని కిందికి పట్టి ఉంచుతుంది. పైగా బరువు ఉన్నది శరీరం చివర్న. తూకం కర్రలో ముల్లుకి ఎంత దూరంగా పెడితే అంత ప్రభావం కదా, నడుం దగ్గర కిలో పెట్టినదానికంటే పాదం దగ్గర పావు కిలో ఎక్కువ తిప్పుతుంది.

కానీ నేల మీద బరువు, నీళ్ళలో బరువు ఒకటి కాదు. ఉదాహరణకి ఒక ఫిన్ నేల మీద కిలోన్నర ఉంది, దాని రబ్బరు నీటికంటే ఐదో వంతు ఎక్కువ సాంద్రమైనది అనుకుందాం. నీళ్ళలో అది తూగేది రమారమి 250 గ్రాములే. అందుకే చేత్తో ఎత్తి "అబ్బో బరువు" అనుకుంటే లాభం లేదు. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేస్ తూచుకునే హుక్ త్రాసు మన అందరి దగ్గరా ఉంటుంది. ఫిన్‌ని దానికి తగిలించి బాత్‌టబ్‌లో ముంచి చూడండి. నేను అన్నీ అలాగే తూచా, మా రూమ్మేట్ నాకు పిచ్చి పట్టిందనే అనుకున్నాడు.

ఇంకో మాట. కొందరికి కాళ్ళు సహజంగానే మునుగుతాయి. అలాంటివాళ్ళు జెట్ ఫిన్ వేసుకుంటే కాళ్ళు కిందికి వేలాడి, ఒళ్ళు నిటారుగా అయిపోయి, అడుగున ఉన్న బురదంతా రేపుతారు. వాళ్ళకి ఓఎంఎస్ స్లిప్‌స్ట్రీమ్ లాంటివి నయం, ఆకారం అదే గానీ నీళ్ళలో దాదాపు బరువు ఉండదు. ఏపెక్స్ ఆర్‌కే3 కూడా పాత రబ్బరు జెట్ ఫిన్ కంటే తేలిక, దాంట్లోనే హెచ్‌డీ అని బరువు రకం వేరే ఉంది. మీరు ఏ బాపతో ఊహించొద్దు, చూసుకోండి. డైవ్ చివర్లో 5 మీటర్ల దగ్గర ఆగినప్పుడు, ట్యాంక్ దాదాపు ఖాళీ అయినప్పుడు, బల్లలా అడ్డంగా పడుకుని అరనిమిషం చేతులూ కాళ్ళూ కదపకుండా ఉండండి. బడ్డీని వీడియో తియ్యమనండి. కాళ్ళు లేస్తున్నాయా, మునుగుతున్నాయా, అదే మీ సమాధానం. కాళ్ళు లేస్తుంటే కూడా వెంటనే ఫిన్స్ మార్చెయ్యకండి, ముందు ట్యాంక్‌ని కొంచెం కిందికి జరిపి చూడండి. ట్యాంక్ బ్యాండ్ రెండంగుళాలు జరిపితే ఖర్చు సున్నా. నా విషయంలో సూట్ కాళ్ళు కుట్టించి పొట్టి చేయించుకోవడం మొదటి మందు, ఫిన్స్ రెండో మందు.

చీలమండలకి బరువులు కట్టుకునే పద్ధతి కూడా ఉంది. నాకు నచ్చదు. ప్రతి తన్నుకీ ఆ బరువుని కూడా ఊపాలి, గాలి ఖర్చు పెరుగుతుంది. వాడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళిష్టం.

పట్టీ గురించి ఎక్కువ చెప్పను, స్టీల్ స్ప్రింగ్ స్ట్రాప్ తీసుకోండి, అంతే. ఇక్కడ మందపాటి గ్లవ్స్ వేసుకుంటాం, వేళ్ళు మొద్దుబారి ఉంటాయి, ప్లాస్టిక్ బకిల్ కనపడదు, చేతికి తగలదు. స్ప్రింగ్‌కి వెనక ఒక పెద్ద లూప్ ఉంటుంది, వేలు దూర్చి లాగితే పడిపోతుంది. మెత్తటి నియోప్రీన్ బూట్లు లోతులో నలిగి సన్నబడతాయి, మామూలు పట్టీ వదులైపోతుంది, స్ప్రింగ్ దానంతట అదే దగ్గరికి వస్తుంది. కొన్ని ఫిన్స్‌తో ఇది వస్తుంది, కొన్నిటికి విడిగా కొనాలి, ధర చూసేటప్పుడు అది కూడా కలుపుకోండి.

ఇక బ్లేడ్. డ్రైసూట్ లావుగా ఉంటుంది, నీటిలో ఎక్కువ అడ్డం పడుతుంది. దాన్ని ముందుకి నెట్టాలంటే గట్టి బ్లేడ్ కావాలి. ఫ్రీడైవింగ్ వాళ్ళ పొడుగు బ్లేడ్లు ఇక్కడ వద్దు. మధ్యలో చీలి ఉండే స్ప్లిట్ ఫిన్స్ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి హాయిగా ఉంటాయి, సైకిల్ తొక్కినట్టు పైకీ కిందికీ కొట్టడానికి బాగానే ఉంటాయి. కానీ చల్లటి నీళ్ళలో మనం ఎక్కువ చేసేది కప్ప ఈత లాంటి ఫ్రాగ్ కిక్, అడుగున బురద లేవకుండా. దానికి, ముఖ్యంగా వెనక్కి ఈదడానికి, పొట్టిగా, వెడల్పుగా, బిర్రుగా ఉన్న బ్లేడ్ పట్టిచ్చినట్టు మెత్తటిది ఇవ్వదు. ఆ రోజు నేను వెనక్కి ఈదగలిగి ఉంటే గూట్లో తల పెట్టేవాణ్ణే కాదు, కొంచెం వెనక్కి జరిగి అడ్డంగా ఉండే చూసేవాణ్ణి. అయితే మరీ రాయిలాంటి బ్లేడ్ కొని, మొదటి వారమే తుంటి పట్టేసిందని అమ్మేసినవాళ్ళని కూడా చూశా. కాళ్ళలో బలం ఎంతుందో చూసుకోండి.

వాళ్ళు అమ్మేస్తారు కాబట్టే మనకి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. రబ్బరు ఫిన్ ఏళ్ళ తరబడి ఉంటుంది, పాతది కొనడానికి భయపడొద్దు. పట్టీ తగిలించే ముడి దగ్గర వంచి చూడండి, సన్నటి పగుళ్ళు కనపడితే వదిలెయ్యండి. నా ఇప్పటి జెట్ ఫిన్స్ నాకంటే వయసులో పెద్దవని అమ్మినాయన చెప్పాడు. నమ్మేశా.

ఒక్కసారి ఐస్‌లాండ్ వెళ్ళి సిల్ఫ్రాలో మునిగొద్దామనుకునేవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు. అక్కడ 2 నుంచి 4 డిగ్రీల నీళ్ళు, రెండు భూఫలకాల మధ్య పగులు, సూట్, ఫిన్స్ అన్నీ టూర్ వాళ్ళే ఇస్తారు. కానీ ఒడ్డునే కాలు ఊపి చూసుకోండి, వదులుగా ఉంటే మొహమాటపడకుండా ఇంకో సైజు అడగండి. నీళ్ళలోకి దిగాక అడగలేరు.

కొత్త ఫిన్స్‌తో మొదటి డైవ్‌లో నేను ఆక్టోపస్ జోలికి పోలేదు. 6 మీటర్ల దగ్గర, ఇసక మీద, ప్రసాద్ అన్న పక్కన ఉండగా కావాలనే కొంచెం కొంచెం కాళ్ళలోకి గాలి పంపించి పల్టీలు కొట్టా. మొదటి రెండూ సగంలో ఆగిపోయాయి. మూడోది పడింది. ఆ రోజు పది కొట్టాం. ఇప్పటికీ కొత్త సీజన్ మొదట్లో రెండు మూడు కొడతా, అన్న వేళ్ళతో మార్కులు వేస్తాడు.

ఊడిపోయిన పసుపు ఫిన్ దొరకలేదు. జతలో మిగిలింది ఇదిగో, నా వెనక గోడ మీద మేకుకి వేలాడుతోంది, చాలామంది అదేంటని అడుగుతున్నారు. మొన్న వీడియో కాల్‌లో అమ్మ కూడా చూసింది. "చేట కొన్నావేంట్రా?" అంది. అవునమ్మా అన్నాను.

వచ్చే వారం డ్రై గ్లవ్స్. ఉంటా మరి, బై.